జహీరాబాద్ నల్లరేగడిలో ఎల్లమాస: చేను వున్నవాళ్ళు, చేను లేనివాళ్ళు

పొద్దు పొడిచే సరికి ఊరు సగం ఖాళీ అయింది. నెత్తిన గంపలు, గంపల్లో సజ్జ రొట్టెలు, బజ్జి గిన్నె, చంకన అంబలి కుండ. ముసలివాళ్ళు ఆటోలో, పిల్లలు ట్రాక్టరు ట్రాలీలో, ఇంకా ఎడ్లు మిగిలిన ఒకటి రెండు ఇళ్ళవాళ్ళు బండి మీద. అందరూ చేన్ల దిక్కే. మార్గశిర మాసం చివరి అమావాస్య. దీన్నే సంగారెడ్డి జిల్లా జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాల్లో ఎల్లమాస అంటారు. తెలంగాణలో మిగతా జిల్లాల వాళ్ళకు ఈ పండుగ పేరు కూడా పెద్దగా తెలియదు. దసరాకో, బతుకమ్మకో వచ్చినంత ప్రచారం దీనికి లేదు. గుడి లేదు, పూజారి లేడు, ఊరేగింపు లేదు. చేనే గుడి.

నల్లరేగడిలో జొన్న నడుమెత్తు దాటి నిలబడి వుంది. కొన్ని చేన్లలో పొట్ట విచ్చింది, కొన్నింటిలో ఇంకా పొట్ట మీదే వుంది. చేను నడుమ నాలుగు జొన్న దంట్లు దగ్గరికి వంచి కొసలు ముడివేసి చిన్న కొప్పె కట్టారు. దాని కింద అయిదు రాళ్ళు నిలబెట్టి సున్నం పూసి, పసుపు కుంకుమ పెట్టారు. పంచ పాండవులట. ముందు రొట్టె, బజ్జి, అంబలి పెట్టి మొక్కి, తర్వాత ఇంటి మగాయన ఒక చేత కుండ, ఒక చేత అన్నం గిన్నె పట్టుకొని చేను చుట్టూ తిరుగుతూ మెతుకులూ అంబలీ చల్లుకుంటూ పోయాడు. కన్నడం మాట్లాడేవాళ్ళు దీన్ని చరగ చల్లడం అంటారు. ఎందుకిది అని అడిగితే జవాబు ఒక్కటే: “చేను కడుపుతోటి వున్నది గద బిడ్డా. కడుపుతోటి వున్నదానికి కోరికలుంటయి. ఇంత పెట్టి రావాలె.”

బిడ్డ తల్లికి చేసే సీమంతాన్ని భూమికి చేయడం ఇది. పాండవుల కథ తర్వాత ఎవరో తెచ్చి కలిపి వుంటారని నాకనిపిస్తుంది. అసలు సంగతి పొట్ట మీదున్న పంట. చలికి, మంచుకు ఆధారపడి నిలబడ్డ పంట. ఇంకో నెలన్నర రెండు నెలలు గడిస్తే గాని గింజ ఇంటికి రాదు. ఆ మధ్య కాలంలో పురుగు, పిట్ట, అకాల వాన ఏదైనా రావచ్చు. రైతు గుండె దడను పండుగ చేసుకున్నారు మన పెద్దలు.

ఈ పండుగ ఇక్కడే ఎందుకుంది? జహీరాబాద్, నారాయణఖేడ్ తాలూకాలు 1956 దాకా బీదర్ జిల్లాలో వుండేవి. భాషా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది, ఈ రెండు తాలూకాలు మెదక్ జిల్లాలో కలిశాయి. అందుకే ఇక్కడి మనుషుల నోట తెలుగు, కన్నడం, మరాఠీ, దక్కనీ ఉర్దూ నాలుగూ వస్తాయి. సంతలో ఒక భాషలో బేరం, ఇంట్లో ఒక భాషలో కొట్లాట. బీదర్‌లో ఎళ్ళ అమావాస్య, లాతూరులో వేళ అమావాస్య, ఇక్కడ ఎల్లమాస. గీతలు గీసినవాళ్ళు రాష్ట్రాల్ని విడదీశారు గాని నల్లరేగడిని విడదీయలేకపోయారు.

ఇక బజ్జి సంగతి చెప్పాలి. పట్నంలో బజ్జీ అంటే మిరపకాయను పిండిలో ముంచి నూనెలో వేసేది. ఇది అది కాదు. ఆ రోజు చేన్లలో ఏది పచ్చిగా వుంటే అదల్లా తెచ్చి ఒక్క కుండలో వేసి వండేది. పచ్చి కందికాయ గింజలు, అనపకాయ గింజలు, బఠాణీ, శనగాకు, మెంతికూర, వంకాయ, పల్లీలు, నువ్వుల పొడి, చింతపండు పులుసు, చిక్కదనానికి శనగపిండి. నూనె తక్కువ, కష్టం ఎక్కువ. దాన్ని చల్లటి సజ్జ రొట్టెతో తినాలి. పైన పుల్లటి జొన్న అంబలి. చలికాలం ఎండలో చేను గట్టు మీద కూర్చొని తింటే, ఆ తిండి మీద ఇంక ఏ హోటలు తిండీ రుచించదు. (ఇది రాసేవాడి సొంత అభిప్రాయం. మూడు రొట్టెలు తిన్నాడు.)

అయితే గమనించాల్సింది రుచి కాదు. బజ్జి కుండలో చెయ్యి పెడితే ఆ ఇంటి చేనులో ఏమేం పండుతున్నదో లెక్క తెలిసిపోతుంది. పది రకాలు వేసిన చేనువాళ్ళు బజ్జికి బజారుకు పోరు. పత్తి ఒక్కటే వేసినవాడు, చెరకు ఒక్కటే వేసినవాడు, సోయా కోసి అమ్ముకున్నవాడు అనపకాయలు, కందికాయలు, శనగాకు అన్నీ జహీరాబాద్ కూరగాయల బజారులో కొనుక్కొని వచ్చి చేనుకు పెట్టాలి. ఆ చేనులో పండనిది తెచ్చి ఆ చేనుకే తినిపించడం. ఆ పూట ఒక చెరకు రైతు తనే నవ్వుతూ ఒప్పుకున్నాడు, “సామాన్లన్నీ కొన్నవే సారూ, ఉప్పు గూడ” అని.

వానకాలంలో ఇక్కడి ఎర్ర చెల్కల్లో పాత పద్ధతి ప్రకారం పచ్చజొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర, మినుము, అనుములు, బొబ్బర్లు, నువ్వులు, పుంటి అన్నీ ఒకే చేనులో సాళ్ళు మార్చి వేస్తారు. పెసర రెండు నెలలకే చేతికొస్తుంది. కొర్ర, సామ మూడు నెలలకు. జొన్న ఆ తర్వాత. కంది ఆఖరున, ఈ ఎల్లమాస దాటినాక. ఒక వాన తప్పితే ఒకటి పోతుంది, ఇంకొకటి నిలబడుతుంది. ఏదో ఒకటి ఇంటికి వస్తుంది. పప్పు జాతి మొక్కల వేళ్ళు నేలకు నత్రజని ఇస్తాయి. కంది ఆకు రాలి ఎరువవుతుంది. ఈ లెక్కంతా వ్యవసాయ కళాశాల పుస్తకాల్లోకి ఎక్కకముందే జడ్డిగం పట్టుకొని సాలు వెంట విత్తనం వదిలిన ఆడమనిషి వేళ్ళకు తెలుసు.

నల్లరేగడిలో యాసంగి పంట ఇంకా చిత్రమైనది. వానలు వెనకబట్టాక తెల్లజొన్న, శనగ, అవిసె, కుసుమ వేస్తారు. ఆ తర్వాత నీళ్ళు పెట్టేది లేదు. భూమిలో దాగిన తేమ, రాత్రి కురిసే మంచు, అంతే. చుట్టూ గట్టు వెంట కుసుమ వేస్తారు. ముళ్ళుంటాయి కాబట్టి పశువు లోపలికి రాదు. కంచె కంచే, నూనె గింజ నూనె గింజే. ఏ నీళ్ళూ, ఏ మందూ లేకుండా పండే ఈ పంటల్ని ఇక్కడి దళిత స్త్రీలు ‘సత్యం పంటలు’ అంటారు. ఇంత మంచి పేరు ఏ విశ్వవిద్యాలయమూ పెట్టలేకపోయింది.

విత్తనం కాపాడేది ఆడవాళ్ళు. కోతకు ముందే చేను తిరిగి మంచి కంకులు ఏరి పక్కన పెడతారు. బూడిద కలిపి, వేపాకు వేసి, బుట్టకు పేడ అలికి మూత పెడతారు. ఏ ఇంట్లో ఏ విత్తనం వున్నదో ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు. కావలసినప్పుడు బదులు తీసుకుంటారు, పండినాక ఎక్కువ కొలిచి ఇస్తారు. ఇది చుట్టరికం లాంటి బదులు. దొర దగ్గరి నాగు వేరు. ఆకలి నెలల్లో కుంచెడు గింజలు తెచ్చుకుంటే కల్లంలో ఒకటిన్నర, రెండు కుంచాలు కొలిచి పోసే నాగు మీద ఈ ప్రాంతంలో ఎన్ని సంసారాలు కూలిపోయినాయో చెప్పలేం. పాత పంటల్ని తలుచుకొని కన్నీళ్ళు పెట్టుకునే పట్నం పెద్దమనుషులు నాగు సంగతి మాత్రం మరిచిపోతుంటారు.

ఇక్కడే మన కాలమ్ చదివేవాళ్ళకు ఒక ప్రశ్న వచ్చి వుంటుంది. చేను వున్నవాడికి ఎల్లమాస సరే. చేను లేనివాడు ఎక్కడికి పోతాడు?

నేను అదే అడిగాను. అరవై దాటిన ఒక అవ్వ, ఎన్నో ఏండ్లు కూలి చేసిన మనిషి, చెప్పింది: “మేం ఆసామి చేనుకు పోతుంటిమి. మా ఆయన అక్కడ జీతం వుండె. పండుగ నాడు పొద్దుగాల్నే పోయి కొప్పె కట్టుడు, రాళ్ళు తెచ్చుడు, నీళ్ళు మోసుడు మాదే. వాళ్ళు తిన్నంక మాకు ఎడంగ కూసుండబెట్టి పెడుతుండె. బజ్జి మంచిగనే వుండేది. గని అది మన చేను గాదు గద.”

పండుగ ఒకటే, చేను ఒకటే. కొప్పె కట్టిన చేతులు ఒకరివి, మొక్కిన చేతులు ఒకరివి. ఎడంగా కూర్చోబెట్టడం ఇప్పుడు తగ్గిందని కొందరన్నారు, పూర్తిగా పోలేదని ఇంకొందరన్నారు. నేను చూసిన చోట ఒకే గట్టు మీద కూర్చున్నారు గాని, గిన్నెలు మాత్రం వేరే వచ్చినాయి. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ఆ అవ్వ ఈసారి ఆసామి చేనుకు పోలేదు. ఆమెకు రెండెకరాల లావణి పట్టా వుంది. భూసంస్కరణల రోజుల్లో, 1973 భూపరిమితి చట్టం చుట్టూ జరిగిన పోరాటాల ఒత్తిడితో, రాష్ట్రమంతటా దళితులకు, పేదలకు బంజరు, మిగులు భూములు పంచారు. పంచినవాటిలో ఎక్కువ భాగం రాళ్ళూ తుప్పలూ వున్నవే. 1977 చట్టం ఆ భూముల్ని అమ్మకూడదు, కొనకూడదు అని కట్టడి చేసింది. మంచిదే. కానీ నాగలి లేని వాడికి, ఎద్దు లేని వాడికి, విత్తనానికి పైసలు లేని వాడికి పట్టా కాగితం ఇచ్చి పొమ్మంటే ఏం చేస్తాడు? ఆ కాగితం ట్రంకు పెట్టెలో, ఆ మనిషి కూలికి. జహీరాబాద్ చుట్టుపక్కల వేల ఎకరాల లావణి భూమి ఇట్లా పడావు పడింది.

దాన్ని దున్నకంలోకి తెచ్చిన ఘనత చాలావరకు ఇక్కడి దళిత స్త్రీల సంఘాలది. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఈ సంఘాలను సుమారు 75 ఊళ్ళలో ఏర్పాటు చేసింది. స్వచ్ఛంద సంస్థల మీద మనకుండే అనుమానాలు మనకున్నాయి. కూలి రేటు కొట్లాటను, భూమి కొట్లాటను పక్కన పెట్టి సదస్సులు పెట్టే సంస్థలను చాలా చూశాం. అయినా ఇక్కడ జరిగిన పనిని పని లాగానే చూడాలి. 1990ల నడుమ ముప్పై పైచిలుకు ఊళ్ళలో దాదాపు రెండున్నర వేల ఎకరాల పడావు భూమి బాగుచేసి జొన్న వేశారు. దున్నకానికి, ఎరువుకు, విత్తనానికి ఇచ్చిన అప్పును డబ్బుతో కాక జొన్నలతోనే అయిదేండ్లలో తీర్చే ఏర్పాటు. ఆ జొన్నలను ఊళ్ళోనే నిలవ పెట్టి, వానకాలం ఆకలి నెలల్లో ఊరిలోని అతి పేదలకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు అతి పేద అన్నది తాసీల్దారు కచేరిలో కాదు, ఊరంతా నడుమ కూర్చొని తేల్చుకున్నారు. నాగు గింజలకు దొర గడప ఎక్కాల్సిన పని అట్లా కొంతమందికైనా తప్పింది.

ఈ సంఘాల ఆడవాళ్ళు ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో పాత పంటల జాతర చేస్తారు. బండ్ల మీద విత్తనాల బుట్టలు అలంకరించుకొని ఊరూరా తిరుగుతారు. మాచనూరులో వాళ్ళదే ఒక రేడియో వుంది, సంఘం రేడియో. 1998లోనే గది, సామాను సిద్ధం చేసుకున్నా గాలిలో మాట్లాడడానికి సర్కారు అనుమతి రావడానికి పదేండ్లు పట్టింది. 2008 అక్టోబరులో ప్రసారం మొదలైంది. అక్షరం రాని కూలి మనిషి మాట గాలిలోకి పోవడానికి ఇంత భయం దేనికో పాలకులే చెప్పాలి.

రేషను బియ్యం మీద ఇక్కడ రెండు మాటలు వింటాం. సంఘాల వాళ్ళు అంటారు, 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాకే జొన్న రొట్టె ఇండ్ల నుంచి పోయింది, మెట్ట భూములు పడావు పడినయి అని. అందులో నిజం వుంది. డెల్టా వరి పంటకు, ఆ మిల్లర్లకు మార్కెటు దొరికింది, మెట్ట జొన్నకు దొరకలేదు. కానీ వ్యవసాయ కార్మికుల వైపు నుంచి చూస్తే ఇంకో నిజం వుంది. ఇంట్లో పది కిలోల బియ్యం వుంటే కూలికి పోయేవాడు బేరం ఆడతాడు. లేకుంటే ఆసామి ఇచ్చిందే కూలి. ఆ అవ్వే ఈ రెండో మాట కూడా చెప్పింది: “బియ్యం వచ్చినంకనే కూలి ఇంతియ్యి అని నోరు తెరిచినం.” కాబట్టి తప్పు బియ్యం ఇవ్వడంలో లేదు. ఇక్కడ పండే జొన్నను ఇక్కడే మద్దతు ధరకు కొని, ఇక్కడి రేషను దుకాణంలో ఎందుకు పెట్టలేదన్నదే ప్రశ్న. 2013 ఆహార భద్రత చట్టంలో చిరుధాన్యాలు కిలో రూపాయికి ఇవ్వాలని రాసుకున్నారు. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషను దుకాణాల్లో సన్న బియ్యం వచ్చింది. జొన్న రాలేదు. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నారు. హైదరాబాదు అంగళ్ళలో కొర్రలు అందమైన పొట్లాల్లో షుగరు వ్యాధి వున్న డబ్బున్నవాళ్ళ కోసం అమ్ముతున్నారు. కొర్ర చేనులో కలుపు తీసిన మనిషి ఆ పొట్లం ధర చూస్తే నవ్వుకుంటుంది.

కలుపు అన్నాను గనక ఆ సంగతీ చెప్పాలి. ఈ ప్రాంతపు కూలి ఆడవాళ్ళకు కలుపు అంటే కూలి ఒక్కటే కాదు, కూర కూడా. తుమ్మికూర, దొగ్గలికూర, జొన్న చెంచలి, సన్నవాయిలి, గునుగు, ఎలుకచెవి కూర. ఎవరూ వేయనివి, చేన్లో తమంత తాము మొలిచేవి. కలుపు తీస్తూ తీస్తూ కొంగులో వేసుకొని వస్తారు. రాత్రికి ఆ కూర, రొట్టె. దీనికి ఆసామి అనుమతి అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. భూమి లేని మనిషికి భూమి నుంచి వచ్చే వాటా ఇది. పత్తి చేన్లలో, సోయా చేన్లలో కలుపు మందు కొట్టడం పెరిగాక ఒకే దెబ్బకు రెండూ పోయాయి. కూలి పోయింది, కూర పోయింది. మందు డబ్బా ధరలో ఈ నష్టం ఎవరూ కలపరు.

పరిగె కూడా అంతే. కోత అయిపోయిన చేనులో రాలిన కంకులు, గింజలు ఏరుకోవడం పేదల హక్కు. ఎవరూ చట్టం రాయలేదు, ఎవరూ కాదనలేదు. ముసలివాళ్ళు, పిల్లల తల్లులు, కోతకు పోలేనివాళ్ళు పరిగె ఏరి నెల గింజలు సంపాదించేవాళ్ళు. కల్లం కాడ వడ్లాయనకు, కమ్మరాయనకు, చెప్పులు కుట్టి తొండం బొక్కెన చేసిన మాదిగాయనకు మేర కొలిచేవాళ్ళు. ఆ మేర వెనక వెట్టి కూడా వుందని మరచిపోకూడదు. ఏడాదంతా పిలిచినప్పుడల్లా పోవాలి, ఎంత పోస్తే అంత తీసుకోవాలి. మేర పోయింది, మంచిదే అనుకుందాం. కానీ దాని స్థానంలో రావలసిన నికరమైన కూలి రాలేదు. చెరకు చేనులో పరిగె లేదు. సోయా కోత యంత్రం వెనక ఏరుకోవడానికి ఏం మిగులుతుంది? నారాయణఖేడ్ దిక్కు తండాల నుంచి లంబాడీలు పిల్లల్ని చంకనేసుకొని చెరకు నరకడానికి ఆరు నెలలు ఊళ్ళు విడిచి పోతున్నారు. తండాల్లో ఇళ్ళకు తాళాలు. బడి పిల్లల హాజరు పట్టీ చూస్తే చెరకు సీజను ఎప్పుడో తెలిసిపోతుంది.

ఇక భూమి మీద పడిన పెద్ద దెబ్బ.

కేంద్ర ప్రభుత్వ 2011 తయారీ రంగ విధానం కింద జహీరాబాద్ దగ్గర జాతీయ పెట్టుబడుల, తయారీ మండలి, అందరూ నిమ్జ్ అనేది, తలపెట్టారు. ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లో 17 ఊళ్ళు, 12,635 ఎకరాలు. 2016లో కేంద్రం తుది ఆమోదం ఇచ్చింది. తీసుకున్న భూముల్లో లావణి పట్టాలు పెద్ద వాటా. పట్టా భూమికి ఒక ధర, లావణి భూమికి అంతకన్నా తక్కువ ధర. ఒకే గట్టుకు ఇవతల ఒక ధర, అవతల ఒక ధర. అదే నల్లరేగడి, అదే శనగ. తేడా ఎవరి చేతిలో ఏ కాగితం వుందన్నదే. అంటే ఎవరి కులం ఏమిటన్నదే.

భూమి వున్నవాడికి ఎక్కువో తక్కువో ధర అన్నారు. మరి ఆ పన్నెండు వేల ఎకరాల మీద కలుపు తీసి, కోత కోసి, పరిగె ఏరి, కూర తెంపుకొని బతికిన కూలీల మాటేమిటి? 2013 భూసేకరణ చట్టంలో జవాబు వుంది. సేకరణకు ముందు మూడేండ్లుగా ఆ ప్రాంతంలో వుంటూ ఆ భూమి మీద ఆధారపడి బతికే వ్యవసాయ కార్మికుల కుటుంబాలు, కౌలుదార్లు, చేతివృత్తులవాళ్ళు భూమి లేకున్నా బాధిత కుటుంబాలే, వాళ్ళకు పునరావాసం ఇవ్వాలి అని స్పష్టంగా రాసి వుంది. ఈ మాట ప్రతి వ్యవసాయ కార్మికుడికీ కంఠతా వుండాలి. ఈ బాధ తప్పించుకోవడానికే రాష్ట్ర ప్రభుత్వం 2015 జులై 30న 123వ నంబరు జీవో తెచ్చింది. సేకరణ కాదు, ఇష్టపూర్వక కొనుగోలు అన్నది. కొనుగోలు అయితే అమ్మేవాడు, కొనేవాడు ఇద్దరే. కూలివాడు లెక్కలోకి రాడు.

దాని మీద హైకోర్టుకు పోయింది ఎవరు? పెద్ద రైతులు కాదు. నిమ్జ్ ప్రాంతపు వ్యవసాయ కూలీలు. మా బతుకు తీసుకొని మమ్మల్ని లెక్కలో లేకుండా చేశారని వాళ్ళు వేసిన కేసులో 2016 ఆగస్టు 3న హైకోర్టు ఆ జీవోను కొట్టివేసింది. తర్వాత అప్పీలు, స్టే, మళ్ళీ వాదనలు నడిచాయి, ప్రభుత్వం కొత్త దారులు వెతుక్కుంది. అయినా సెంటు భూమి లేని మనుషులు ఒక ప్రభుత్వ ఉత్తర్వును నిలదీసి నిలబడ్డారు. పత్రికల మొదటి పేజీల్లో మల్లన్నసాగర్ పేరు ఎక్కువగా వచ్చింది, ఈ కూలీల పేర్లు రాలేదు. పేర్లు రాకపోయినా కోర్టు కాగితంలో వాళ్ళ వేలిముద్రలు వున్నాయి.

2022 జులైలో బర్దీపూర్‌లో పర్యావరణం మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు ప్రజలకన్నా పోలీసులే ముందు కనిపించారు. 2024లో న్యాల్‌కల్ మండలంలోనే డప్పూర్, మాల్గి, వడ్డి గ్రామాల భూముల్లో ఔషధ పరిశ్రమలు పెడతామన్న ప్రతిపాదన వచ్చింది. ఆ ఊళ్ళ రైతులు, ఆడవాళ్ళు రోడ్డెక్కారు. మూడు పంటలు పండే నల్లరేగడిని బంజరు అని రాసుకొస్తే ఒప్పుకోం అన్నారు. కొలతకు వచ్చినవాళ్ళకు చేన్లు చూపించారు.

ఎల్లమాస నాడు నేను పోయిన ఊరు నిమ్జ్ సరిహద్దుకు ఆనుకొని వుంది. గట్టు మీద కూర్చుంటే దూరంగా తీసుకున్న భూమి కనిపిస్తుంది. ఫ్యాక్టరీ రాని చోట తుమ్మ మొలిచింది. దానివైపు చూపిస్తూ ఒకాయన, నలభై ఏండ్లుంటాయి, అన్నాడు: “గక్కడ మా నాయన కొప్పె కడుతుండె. పైసలొచ్చినయి, బిడ్డ పెండ్లికి, ఇంటి స్లాబుకు అయిపోయినయి. ఇప్పుడు మా అన్న చేనుకు వస్తున్న.” అన్న చేనుకు తమ్ముడు చుట్టం లెక్క వచ్చాడు. రొట్టె తిన్నాడు గాని చేను చుట్టూ తిరగలేదు. అది చేను గలవాడి పని.

కూలి మనుషుల మాటల్లో ఆ పూట ఎక్కువగా వినబడింది భూమి లేనివాళ్ళకు ఏడాదికి పన్నెండు వేలు ఇస్తామన్న పథకం. రైతుబంధు 2018లో వచ్చినప్పటి నుంచి భూమి వున్నవాడికే సాయమా అని మన సంఘాలు అడుగుతూనే వున్నాయి. ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పేరుతో 2025 జనవరి 26న అది మొదలుపెట్టారు. అయితే ఉపాధి హామీలో కనీసం ఇరవై రోజులు పని చేసి వుండాలన్న షరతు పెట్టారు. చెరకు నరకడానికి ఊరు విడిచి పోయినవాడికి ఇరవై రోజులు ఎక్కడ కుదురుతాయి? ఆసామి చేన్లో కలుపుకు పోయిన ఆమె కూలిదే, కానీ మస్టరులో లేదు. గుంట భూమి పేరున వున్నా పేదవాడే, కానీ భూమి లేనివాడు కాదు. కాగితం అడిగే ప్రశ్నలు బతుకు ఇచ్చే జవాబులకు ఎప్పుడూ సరిపోవు. భూమి రికార్డుల సంగతీ అదే. ధరణి 2020లో వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఈ మారడాల్లో లావణి భూమిలో తరాలుగా దున్నుతున్న వితంతువుల, ఆడబిడ్డల పేర్లు కాగితం మీదికి ఎక్కాయా లేదా అన్నది ఊరూరా కూర్చొని చూసుకోవలసిన పని. పహాణీ నకలు పాతది వున్నవాళ్ళు పారెయ్యకండి.

మధ్యాహ్నం దాటాక పిల్లలు పచ్చి శనగకాయ పీక్కొని తింటున్నారు. అవ్వ రెండెకరాల చేనులో కొప్పె చిన్నదే. కొడుకు పట్నంలో ఆటో నడుపుతాడు, రాలేదు. కోడలు, ఇద్దరు మనవరాళ్ళు వచ్చారు. మగమనిషి లేడు గదా, అంబలి ఎవరు చల్లాలి అని పక్క చేనాయన వచ్చి నిలబడ్డాడు. చెయ్యి చాచి కుండ ఇవ్వమన్నాడు కూడా. అవ్వ ఇయ్యలేదు. “దున్నింది నేను, విత్తు పెట్టింది నేను, నేనే తిరుగుత” అని కుండ ఎత్తుకొని కుసుమ ముళ్ళు చీరకు తగలకుండా కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకొని గట్టు వెంట బయలుదేరింది. మనవరాళ్ళు వెనక. పక్క చేనాయన కాసేపు చూసి తన చేనుకు తను పోయాడు.

సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ఆడవాళ్ళ మాటలు కంది కోత మీదికి మళ్ళాయి. పోయినేడు కూలి ఎంత, ఈసారి ఎంత అడగాలి, మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ ఒకటే కూలి అడిగితే ఆసాములు పక్క ఊరి నుంచి ఆటోలో మనుషుల్ని తెచ్చుకుంటారా అని. పక్క ఊరివాళ్ళతో ముందే మాట్లాడాలని కోడలు అన్నది. వాళ్ళల్లో ఆమె మేనత్త కూతురు వుందట. సోమవారం సంత నాడు కలుస్తారు.